మాంట్‌గొమరీ వృత్తాంతము: రసవిచారము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో అలబామా రాష్ట్రమునకు రాజధానియైన మాంట్‌గొమరీ నగరమున 1955వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీ గురువారము సాయంకాలము రోసా పార్క్స్ అను నల్లజాతి స్త్రీ బస్సులోఁ దాను గూర్చున్న చోటునుండి లేవ నిరాకరించి నిర్బంధింపఁబడెను. తరువాతి సోమవారము మొదలుకొని 381 దినములు ఆ నగరమందలి నల్లజాతివారు బస్సు లెక్కుట మానిరి. 1956 డిసెంబరు 21వ తేదీనుండి ఆ బస్సులలో జాతినిబట్టి చోటు నిర్ణయించు పద్ధతి తొలఁగిపోయెను. ఈ వృత్తాంతము నేఁడు పెక్కు దేశముల పాఠపుస్తకములకు నెక్కినది. అట్లెక్కిన కథ స్వరూప మిది: ఒక దర్జీపనికత్తె దినమంతయుఁ బనిచేసి, యలసి, కాళ్లు నొచ్చి బస్సెక్కెను; శ్వేతజాతీయుఁ డొకఁడు రాఁగా నామెను లెమ్మనిరి; అలసటచే నామె లేవలేకపోయెను; అంతట లోకము కదలెను. వినువారి కన్నులు చెమ్మగిల్లును. ఆ చెమ్మగిల్లుటయే యిందలి చిక్కు.

ఈ కథకు అంగియైన రసము కరుణమా వీరమా యను ప్రశ్న పండితవినోదమునకై కల్పించుకొన్నది కాదు. కరుణమైనచో నామె జాలికిఁ బాత్రము. వీరమైనచో గౌరవమునకుఁ బాత్రము. పౌరహక్కును దయాదానముగాఁ బుచ్చుకొనుటకును, తన సొమ్ముగాఁ దీసికొనుటకును గల భేద మంతయు ఈ రసనిర్ణయముపై నాధారపడియున్నది. ఈ విచారమునకు నాలుగు గ్రంథములు ముఖ్యములు. ఆ యుద్యమమునకు నాయకుఁడైన మార్టిన్ లూథర్ కింగ్ 1958లోఁ బ్రకటించిన ‘స్ట్రైడ్ టువర్డ్ ఫ్రీడమ్’ మొదటిది. ఆంగ్లసాహిత్యోపాధ్యాయినియైన జో ఆన్ రాబిన్‌సన్ స్మృతిగ్రంథము 1987లోను, రోసా పార్క్స్ ఆత్మకథ ‘మై స్టోరీ’ 1992లోను వెలువడినవి. క్లాడెట్ కోల్విన్ అను నామెను గూర్చి ఫిలిప్ హూస్ రచించిన చరిత్రము 2009 నాఁటిది. వీని నన్నింటిని జదివినవారు పాఠపుస్తకమందలి కథను మరల యథాతథముగాఁ జెప్పఁజాలరు.

ముందుగా ఆ బస్సు స్వరూపము నెఱుఁగవలయును. అందుఁ గూర్చుండుటకు ముప్పదియాఱు చోట్లు. ముందరి పది శ్వేతజాతివారివి. అవి ఖాళీగా నున్నను నల్లజాతివారు వానియందుఁ గూర్చుండరాదు, ప్రక్కన నిలువఁబడి ప్రయాణము చేయవలసినదే. వెనుకటి పది నల్లజాతివారివి. నడుమనున్న పదునాఱును ఎవరివో నిర్ణయించునది బస్సు నడుపువాని నోటిమాట. నల్లజాతివారు పెక్కుమాఱులు ముందరి ద్వారమున డబ్బు చెల్లించి, దిగి, వెనుకటి ద్వారమున నెక్కవలసివచ్చెడిది. వారు నడచిపోవునంతలో బస్సు వెడలిపోవుటయుఁ గలదు. పార్క్స్ కూర్చున్నది నడిమిభాగమందలి మొదటి వరుసలో. శ్వేతుల చోటఁ గూర్చుండెనని పలువురు వ్రాయుట ప్రమాదము. ముందరి పది చోట్లును నిండి యొక శ్వేతుఁడు నిలువఁబడవలసివచ్చినప్పుడు, బస్సు నడుపువాఁ డా వరుసయందలి నలువురను లెమ్మనెను. ఒక్కనికై నలువు రేల లేవవలెను? ఒకే వరుసలో నల్లవారును తెల్లవారును గూర్చుండరాదు గనుక. ముగ్గురు లేచిరి. పార్క్స్ లేవలేదు సరికదా, కిటికీవైపునకు జరిగెను. ఈ చిన్న చేష్ట నాత్మకథయం దామె స్వయముగాఁ జెప్పినది. నాట్యశాస్త్రజ్ఞుల కిది యొక యనుభావము. అలసిపోయి లేవలేనివా రిట్లు జరుగరు. జరిగి, పోవలసినవారికిఁ ద్రోవ యిచ్చి, తమ చోటున స్థిరపడువారు వేఱు.

అలంకారశాస్త్రమున శ్రమము ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో నొకటి. అది వచ్చును, పోవును, స్థాయిని బోషించును. తాను స్థాయి కాఁజాలదు. లోకప్రచారమందున్న కథ చేసిన పని యేమనఁగా, వ్యభిచారిని సింహాసన మెక్కించి స్థాయిని వాకిట నిలుపుట. పార్క్స్ ఆ దినమునఁ దాను దేహమున నలసియుండలేదనియు, తల వంచి యొదిఁగియుండుటయందే తనకు విసువు పుట్టెననియు స్పష్టముగాఁ జెప్పినది. వృద్ధురాలని పలువురు చిత్రించు నామెకు నాఁడు నలుబదిరెండేండ్లు. పండ్రెండేండ్లుగా నామె నల్లజాతివారి పురోభివృద్ధికై పాటుపడు జాతీయసంఘముయొక్క నగరశాఖకుఁ గార్యదర్శినిగాఁ బనిచేసియుండెను. ఆనాఁడు లెమ్మన్న బస్సు నడుపువాఁడే 1943లో నామెను ముందరి ద్వారమున నెక్కినందులకై దింపివేసియుండెను. 1955 వేసవిలో నామె టెనెసీ రాష్ట్రమందలి హైలాండర్ విద్యాలయమునకుఁ బోయి, జాతిపృథక్కరణమును దొలఁగించు మార్గములను గూర్చి జరిగిన శిక్షణమునఁ బాల్గొని వచ్చినది. ఇన్ని విభావములు గల చోట స్థాయి ఉత్సాహము గాక మఱేమి? శోక మిం దెక్కడను నాఁటుకొనదు. వీరభేదములలో నిది ధర్మవీరము. యుధిష్ఠిరుని నుదాహరించు చోట నామెను నుదాహరించుట కభ్యంతరము కానరాదు.

అయినచో ఈ యలసట కథలోని కెట్లు వచ్చెను? కింగ్ గ్రంథమునందే దాని బీజ మున్నది. దీర్ఘకాలము నిలిచి పనిచేసి యలసి వచ్చినదిగా నాతఁ డామెను బ్రవేశపెట్టినాఁడు. ఆతనికి సత్య మెఱుకపడకపోలేదు. ఆమె సంఘకార్యదర్శినిగా నుండుటచే, ఇది యంతయు నా సంఘము పన్నిన కుట్ర యని విరోధులు చాటుచుండిరి. 1956 జూనునందు అలబామా న్యాయస్థానము ఆ సంఘము రాష్ట్రమునఁ బనిచేయరాదని యుత్తరువు నిచ్చెను. అట్టి దినములలో ‘ఆమె యెవరి ప్రేరణచేతను గూర్చుండలేదు’ అని చెప్పుట యవసరమైయుండెను. చెప్పుటకు సులభమైన మార్గ మలసట. ఆనాఁ డది కవచము. కవచమును దరువాతివా రాభరణమని భ్రమించి, పాఠపుస్తకములయందుఁ బ్రతి సంవత్సరము మెఱుఁగు పెట్టుచున్నారు.

ఇందుల కొక యాక్షేపణము రావచ్చును. ఇతిహాసమునుండి గ్రహించిన కథలో రసమునకు విరుద్ధమైనదానిని విడిచి, యనుగుణమైనదానిని గల్పించుకొనుటకు ధ్వనికారుఁ డనుజ్ఞ యిచ్చియున్నాఁడు గదా. కాళిదాసు భారతకథలో లేని దుర్వాసశ్శాపమును గల్పించి దుష్యంతుని నిర్దోషిని జేయలేదా? ఉపమానము బాగుగనే యున్నది. అందుచేతనే యది పాఠపుస్తకకర్తలకుఁ బ్రతికూలమగుచున్నది. దుర్వాసశ్శాపము దుష్యంతుని దోషమును గప్పెను. పార్క్స్ పట్ల అలసట యను శాపము కప్పిన దోష మేది? బుద్ధిపూర్వకముగా, తెలిసి, నిశ్చయించి నిరాకరించుట. ఆ దోషమే యామె గుణము. శాపకల్పనచే శాకుంతలమున నాయకుఁడు పెరిగెను. ఇచట నాయిక తఱిఁగిపోయెను. మఱియుఁ గాళిదాసు తాను వ్రాయునది నాటకమని యెఱిఁగియే వ్రాసెను, ప్రేక్షకులు నట్లే యెఱుఁగుదురు. చరిత్రపాఠ మని పేరు పెట్టి పిల్లల చేతి కిచ్చినదానికి ధ్వనికారుని యనుజ్ఞ చెల్లదు.

ఈ వృత్తాంతమునకు సంబంధించిన రచనలలో నన్నింటికంటెఁ బ్రాఁతది, పొట్టిది, అతిశ్రద్ధతోఁ జదువఁదగినది యొక కరపత్రము. పార్క్స్ నిర్బంధింపఁబడిన రాత్రియే జో ఆన్ రాబిన్‌సన్ దానిని వ్రాసి, తాను బోధించు కళాశాలయందలి సైక్లోస్టైలు యంత్రముపై, సహాధ్యాపకుఁ డొకఁడును ఇద్దఱు విద్యార్థులును దోడ్పడఁగా, తెల్లవాఱులోపల వేలకొలఁది ప్రతులు తీసినది. ఒక్కొక్క కాగితముపై మూఁడు ప్రతులు. తరువాతఁ గోసి కట్టలు కట్టిరి. రచయిత్రి పేరు దానియందు లేదు. కళాశాల ప్రభుత్వమువారిది యగుటచేఁ బేరు పెట్టినచో నుద్యోగము పోవుటయే గాక కళాశాలకును గీడు మూఁడును. భాష యతిసరళము. సోమవారము బస్సెక్కవలదు, పనికిఁ బోవలసినవారు నడిచియైనఁ బొండు, బడి యొక్కదినము మానినను దప్పులేదు అన్న యర్థము గల చిన్న వాక్యములు. ఉపమ లేదు, ఉత్ప్రేక్ష లేదు. మరునాఁడు మీ కూఁతురికో తల్లికో యిట్లే జరుగవచ్చునను నొక్క హెచ్చరికయందు మాత్రము స్వరము కొంచెము హెచ్చును.

ఇందొక పాఠవిశేషము కలదు. దానిని జాలమంది గమనింపలేదు. క్లాడెట్ కోల్విన్ సంగతి జరిగిన తరువాత నిట్టి నిర్బంధ మిది రెండవసారి యని కరపత్ర మనుచున్నది. తొందరపడి చదువువారు ‘కోల్విన్ మొదటిది, పార్క్స్ రెండవది’ యని యర్థము చేసికొందురు. ‘తరువాత రెండవసారి’ యనఁగా నడుమ నింకొకరుండవలెను. ఉన్నది. పదునెనిమిదేండ్ల మేరీ లూయీ స్మిత్ అక్టోబరు 21వ తేదీన నిట్లే నిర్బంధింపఁబడెను. కావున నా రాత్రి వ్రాయఁబడిన, ముగ్గురు స్త్రీలను వరుసగా లెక్కించిన వాక్య మొకటి నగరమంతటఁ బంచిపెట్టఁబడినది. తరువాతి గ్రంథములు విస్తరించినకొలఁది యా లెక్క సంకోచించి యొక్కరివద్ద నిలిచినది. గ్రంథవిస్తరము స్మృతిసంకోచమునకుఁ గారణ మగుట విచిత్రమే కాని, పురాణపాఠములను బరిష్కరించినవారి కిది క్రొత్త గాదు.

బహిష్కారమను తలంపును ఆ రాత్రి పుట్టినది కాదు. అదే కళాశాలయం దాంగ్లము బోధించుచుండిన మేరీ ఫెయిర్ బర్క్స్ 1946లో స్త్రీల రాజకీయసంఘమును స్థాపించెను. రాబిన్‌సన్ 1949లో దాదాపు ఖాళీగా నున్న బస్సులో ముందువైపునఁ గూర్చుండి, నడుపువాని కేకలకుఁ గన్నీటితో దిగిపోయినది. తరువాత సంఘమున కధ్యక్షురాలైనది. పాఠశాలలయందు జాతిపృథక్కరణము చెల్లదని అత్యున్నతన్యాయస్థానము 1954 మే 17వ తేదీన తీర్పు చెప్పెను. నాలుగు దినములకు, మే 21వ తేదీన, బస్సులలోని పద్ధతి మాఱనిచో బహిష్కారము జరుగవచ్చునని యామె నగరాధ్యక్షునికి లేఖ వ్రాసెను. ఏడాదిన్నరగా నెండి సిద్ధముగా నున్న కట్టెలకు డిసెంబరునందు నిప్పు తగిలినది. ఆ కట్టెలు కొట్టినవారు, మోసినవారు సాహిత్యము బోధించు స్త్రీలు. రాబిన్‌సన్ గ్రంథము శైలిచేఁ గింగ్ గ్రంథమునకు సాటి రాదు. పునరుక్తి మెండు, కొన్నిచోట్ల లెక్కల పట్టికవలె నుండును. కాని యే పని యెవరు, ఎప్పుడు, ఎట్లు చేసిరో తెలియవలెనన్న దానినే తెఱువవలెను.

కోల్విన్ విషయము మఱింత జాగ్రత్తగా విచారింపఁదగినది. 1955 మార్చి 2వ తేదీన, పార్క్స్ కంటెఁ దొమ్మిదినెలల ముందు, పదునైదేండ్ల యీ బాలిక చోటు విడువ నిరాకరించెను. ఆ ఫిబ్రవరిలోఁ బాఠశాలయందుఁ దమ జాతిచరిత్ర నేర్చుకొనుచుండెను. బానిసత్వమునుండి పలువురను దప్పించిన హ్యారియట్ టబ్మన్, సోజర్నర్ ట్రూత్ మొదలగు స్త్రీల చరిత్రలు తన్ను లేవనీయలేదని తరువాతఁ జెప్పినది. పాఠము పిల్లవాని నోట నుండుటకును, నడవడియం దుండుటకును గల భేదము నుపాధ్యాయు లెఱుఁగనిది కాదు. ఆమెపై మోపిన నేరములు మూఁడు. పై విచారణలో న్యాయాధిపతి పృథక్కరణశాసనమునకు సంబంధించినదానిని గొట్టివేసి, రక్షకభటునిపైఁ జేయిచేసికొన్నదన్న నేరమును మాత్రము నిలిపెను. శాసనమునే ప్రశ్నించు మార్గ మట్లు మూసికొనిపోయెను. అయితే నాయకు లామెను ముందు నిలుపకుండుటకు నిదియొక్కటియే కారణము కాదు. వయస్సు చిన్నది, కుటుంబము పేదది, మాట దురుసు, ఆ సంవత్సరముననే గర్భవతి యయ్యెను. తన మేనిరంగు ముదురు నలుపగుటయు నొక కారణమని యామె భావించినది.

ఓరుగంటి విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమున నాయకగుణములను లెక్కించుచు మహాకులీనతను మొదటఁ బెట్టెను. ఆ గ్రంథము పేరైన వినని మాంట్‌గొమరీ పెద్దలు అదే లక్షణము ననుసరించి నాయికను వెదకికొనిరి. పార్క్స్ మృదుభాషిణి, వివాహిత, చర్చియందు గౌరవము గలది. ఆమెయందుఁ గళంకము చూపఁగల విరోధి లేఁడు. పెద్దలను నిందించుట సులభము. కాని వారు కావ్యము వ్రాయుట లేదు. విరోధుల న్యాయస్థానమున, విరోధుల పత్రికలయెదుట వ్యవహారము నడుపుచుండిరి. ఒక బాలిక నా యగ్నిలోనికిఁ ద్రోయ సంకోచించుట దోషమని తేల్చివేయరాదు. దోషము తరువాతివారిది. వ్యవహారమునకై చేసికొన్న యెంపికను జరిత్రకును దీర్పుగా గ్రహించి, ఎంపిక కానివారు లేనేలేరన్నట్లు వారు వ్రాసిరి. (మహాకులీనత లేని నాయకునిచే గబ్బిలముఖమునఁ గాశీవిశ్వనాథునికి సందేశము పంపించిన జాషువా కావ్యము 1941 నాఁటిది. లక్షణమును దాఁటి లక్ష్యము పోఁగలదని తెలుఁగువారికి వేఱుగఁ జెప్ప నక్కఱలేదు.)

ఇంతకును పృథక్కరణశాసనము ఏ వ్యవహారమునఁ గూలెనో చూడవలెను. పార్క్స్‌పై విధింపఁబడినది పది డాలర్ల జుల్మానా, నాలుగు డాలర్ల ఖర్చులు. దానిపై నామె చేసికొన్న విన్నపము రాష్ట్రన్యాయస్థానములలోఁ జిక్కుకొని కదలలేదు. 1956 ఫిబ్రవరి 1వ తేదీన న్యాయవాది ఫ్రెడ్ గ్రే సమాఖ్యన్యాయస్థానమున వేఱొక వ్యాజ్యము వేసెను. అందు వాదులుగాఁ గడవఱకు నిలిచినవారు అరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డానల్డ్, క్లాడెట్ కోల్విన్, మేరీ లూయీ స్మిత్. మొదట చేరిన యైదవ యామె బెదరింపులకుఁ దాళలేక విరమించుకొన్నది. జూన్ 5వ తేదీన ముగ్గురు న్యాయాధిపతులలో నిద్దఱు వాదులపక్షమునఁ దీర్పు చెప్పిరి. నవంబరు 13వ తేదీన అత్యున్నతన్యాయస్థానము దానిని స్థిరపఱచెను. ‘బ్రౌడర్, గేల్’ వ్యాజ్యమని ధర్మశాస్త్రజ్ఞు లెఱుఁగుదురు. పాఠపుస్తకములలో దీని పేరు కానరాదు. నాయికగాఁ దగదని విడువఁబడిన బాలిక సాక్ష్యము చెప్పఁగా వచ్చిన తీర్పిది. కోల్విన్‌పై నాఁడు మోపిన నేరముయొక్క దస్తావేజులను 2021లో న్యాయస్థానము తొలఁగించెను. అప్పటి కామెకు ఎనుబదిరెండేండ్లు.

కింగ్ గ్రంథమున కొక దోష మున్నది, ఒక గొప్పగుణ మున్నది. కవియు నాయకుఁడు నొక్కఁడే యగుటచే, ఆతని మనఃపరిణామమును దెలుపు ప్రకరణమున నడచువారు మాయమగుదురు. థోరో, మార్క్స్, నీబూర్, గాంధి అని గ్రంథకర్తల పేరులు వరుసగా వచ్చును. బజారున నడచు వంటకత్తె యా ప్రకరణమం దెక్కడను గానరాదు. నాగానందమున వీరమా శాంతమా యన్న వివాదమువంటిది యిచటఁ గలుగును. కింగ్ తన కథను శాంతమువైపున కీడ్చుచున్నట్లు తోఁచును. కాని రాబిన్‌సన్ పాల్గొనని శాఖ లేదని మనసార మెచ్చుకొన్నవాఁడు నాతఁడే. నడువవలదని యెవరో చెప్పినను వినక నడచిన ముదుసలి యొకతె, పాదములకే యలసట కాని తన యాత్మకు విశ్రాంతి యన్నట్లు పలికిన మాటను దాఁచియిచ్చినవాఁడు నాతఁడే. ఆ ముదుసలి మాటలో శ్రమము తన చోట నున్నది. ఉత్సాహమునకు సంచారియై, దానిని బోషించి తొలఁగుచున్నది. పార్క్స్ కథయందు వికటించిన భావమే యిచటఁ జక్కగా నమరినది. శ్రమమును జూపవలెనన్న పాఠపుస్తకకర్తలు దీనిని దీసికొనియుండవచ్చును.

ఈ వృత్తాంతమున నిజమైన నాయకుఁ డెవఁడన్నచో నేకవచనము చాలదు. బస్సెక్కువారిలో ముప్పాతికకుఁ దక్కువగాక నల్లజాతివారే. వారిలో వంటకత్తెలు, చాకలిపనివారు, పిల్లల నాడించు దాసీలు, కూలీలు మెండు. సుమారు మున్నూఱు కార్లు వంతులవారిగాఁ దిరిగెను. తక్కినవారు వానలోను జలిలోను నడచిరి. బహిష్కారమును నిషేధించు 1921 నాఁటి శాసనమును వెలికిఁదీసి దాదాపు తొంబదిమందిపై నేరము మోపిరి. కింగ్ యింటిపై బాంబు పడెను. పార్క్స్ యుద్యోగము పోయెను. భయపడినవారును నుండిరి, అలిగినవారును నుండిరి. ఏడాదికిఁ బైగా నలుబదివేలమంది మన మొక్కతీరున నుండెనని వ్రాయు గ్రంథములను నమ్మరాదు.

వారిలో జార్జియా గిల్మోర్ అను వంటకత్తె కథ యొకటి చాలును. డబ్బు చెల్లించి దిగి వెనుకకుఁ బోవునంతలో బస్సు తన్ను విడిచి వెడలిపోయిన సంగతిని 1956 మార్చినందుఁ గింగ్ విచారణలో సాక్ష్యముగాఁ జెప్పి, పనిచేయుచున్న భోజనశాలయం దుద్యోగము పోఁగొట్టుకొన్నది. అటుపై నింటనే వండి యమ్ముకొనసాగెను. అప్పటికే యామెయు నితరస్త్రీలును గలసి భోజనములు, తీపివంటలు అమ్మి, వచ్చిన సొమ్మును సోమవారపు సభలలోఁ గార్లకును నూనెకును సమర్పించుచుండిరి. వారి కూటమి పేరు ‘ఎచ్చటిదియుఁ గాని సంఘము’ అని తెనిఁగింపవచ్చును. సొమ్మెచ్చటనుండి వచ్చినదని యెవరైన నడిగినచో, నెచ్చటనుండియు లేదని నిజము చెప్పవచ్చును గదా! కొన్నవారిలోఁ దెల్లవారును గలరు. ఇచ్చినవారిలోఁ దమ యజమానురాండ్రకుఁ దెలిసినచో పని పోవువారును గలరు. ధ్వని, వ్యంగ్యము, ఆత్మరక్షణము మూఁడును నొక్క పేరునందే యిమిడిన యుదాహరణము అలంకారగ్రంథములందు నరుదు.

ఆ సంఘమున వండినవారి పేరులు గాని, కొన్నవారి పేరులు గాని చాలవఱకు వ్రాఁతలోని కెక్కలేదు; ఎక్కరాదనియే వారి సంకల్పము. చరిత్రకారులకుఁ గష్టము కలిగించిన యీ మౌనమును రచనాలోపముగా నెన్నరాదు. 1990 మార్చినందు, సెల్మా పాదయాత్ర జరిగి యిరువదియైదేండ్లైన సందర్భమున, జ్ఞాపకార్థము నడచువారికై గిల్మోర్ వంట చేయుచుండెను. ఆ దినములయందే యామె కన్నుమూసినది. చూడవచ్చినవారికి, ఆమె చేసియుంచిన యా వంటనే యింటివారు వడ్డించిరి.